పురుగు పంటిలో లేదు

నాలుగేళ్ల పాప. కుడి బుగ్గ కంటి కిందిదాకా ఉబ్బి, చర్మం బిగిసి మెరుస్తోంది. కింది పెదవి మీద కాలిన మచ్చ. ఈ మధ్య ఒక దంతవైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు నా పక్క కుర్చీలోనే ఉంది ఆ బిడ్డ, తల్లి ఒళ్లో. యానాం పిల్లే. పన్ను నొప్పని ఏడవగానే ఇంట్లోవాళ్లు మంత్రం వేయించారు. తగ్గలేదు. తాయెత్తు కట్టించారు. తగ్గలేదు. పురుగు తీసే మనిషి దగ్గరకు తీసుకెళ్లి పొగ పట్టించారు. పొగ వదిలే గొట్టం తగిలి పెదవి కాలింది. జ్వరం వచ్చి, గుక్కెడు నీళ్లు కూడా మింగలేని స్థితికి వచ్చాక అప్పుడు డాక్టరు గుర్తుకొచ్చాడు.

దంతవైద్యుడి ముందుకు ఆ పిల్ల రావడం అదే మొదటిసారి. నోరు తెరవమంటే ఎలా తెరుస్తుంది? అన్ని రోజులుగా తన నోటి దగ్గరకు వచ్చిన ప్రతి చెయ్యీ నొప్పి పెట్టిందే, కాల్చిందే. తెల్లకోటు కనబడగానే కెవ్వుమని తల్లి మెడను కరుచుకుపోయింది. "ఇదింతేనండీ, మహా మొండిది" అంది నాయనమ్మ. కాసేపాగి నాతో, "పాలపన్నే కదండీ, ఎలాగూ ఊడిపోద్దని ఊరుకున్నాం. పైపన్ను పీకిస్తే చూపు పోద్దంటారు, ఆ భయం ఒకటి" అంది.

ఆవిడ చెడ్డ మనిషి కాదు. మనవరాలి కోసం రాత్రుళ్లు మేలుకున్న కళ్లు ఆవిడవి. నా కోపం ఆవిడకు ఆ మాటలు నేర్పినవాళ్ల మీద, నేర్పి దక్షిణ పుచ్చుకున్నవాళ్ల మీద, అంతకంటే ఎక్కువగా, చదువుకుని కూడా "ఎవరి నమ్మకాలు వాళ్లవి, మనకెందుకు" అని తప్పుకుపోయేవాళ్ల మీద. పిల్లల్ని పళ్ల డాక్టరు దగ్గరకు మొదటిసారి తీసుకెళ్లేటప్పుడు ఎలా సిద్ధం చేయాలని పత్రికలు రాస్తుంటాయి. కథ చెప్పమంటాయి, బొమ్మ చేతికివ్వమంటాయి. మంచి సలహాలే. మన ఇళ్లలో మాత్రం ముందు సిద్ధం కావలసింది పెద్దవాళ్లు. పసిబిడ్డకు పుట్టుకతో దంతవైద్యుడంటే భయం ఉండదు. ఆ భయాన్ని మనమే, నాలుగేళ్ల పాటు, రోజుకింత చొప్పున పెంచి పోషిస్తున్నాం.

పాలపళ్లు ఊడిపోతాయన్న మాట నిజం. ఎప్పుడు ఊడతాయన్నది మాత్రం ఎవరూ అడగరు. పాలపళ్లు మొత్తం 20. ముందరివి ఆరేడేళ్లకు కదలడం మొదలవుతాయి. వెనకవైపు నమిలే పళ్లు పది, పన్నెండేళ్ల దాకా నోట్లో ఉండాల్సినవి. నాలుగేళ్లప్పుడు పుచ్చిన దంతాన్ని "ఊడిపోయేదే కదా" అని వదిలేయడమంటే మరో ఆరేడేళ్లు ఆ నొప్పి పడమని బిడ్డకు శిక్ష వేయడమే. పాలపంటి పింగాణీ పలచన. లోపలి నరం పైకే ఉంటుంది. అందుకే పుచ్చు తొందరగా లోతుకు దిగుతుంది. చీము వేరు దాకా పోతే, దాని కిందే తయారవుతున్న శాశ్వత దంతం మీద మచ్చలు, గుంటలు పడొచ్చు. ముందే పీకేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, తర్వాత వచ్చేదానికి చోటు లేకుండా చేస్తాయి. ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, పాలపళ్ల వెనక కొత్త దవడపళ్లు నాలుగు వస్తాయి. అవి జీవితాంతం ఉండాల్సినవి. ఏదీ ఊడలేదు కాబట్టి వాటినీ పాలపళ్లనే అనుకుంటారు. పుచ్చితే వాటినీ వదిలేస్తారు.

ఇక పురుగు దగ్గరికి వద్దాం. ఈ పురుగు మన ఒక్కరి సొత్తు కాదు. పంటిని పురుగు తొలుస్తుందని వేల ఏళ్ల క్రితం బాబిలోనియాలో మట్టిపలకల మీద రాసుకున్నారు. అప్పటివాళ్లకు సూక్ష్మదర్శిని లేదు, వాళ్లను తప్పు పట్టలేం. మన కాలంలో పురుగు తీసేవాళ్లను మాత్రం నేను క్షమించలేను. వాళ్లు చేసే తంతు ఇది. ఎర్రగా కాలిన ఇనుప ముక్క మీద వాకుడు గింజలు వేసి, నూనె చుక్క వేస్తారు. మీద చిప్ప బోర్లించి, దానికున్న చిల్లులోంచి గొట్టంతో పొగను పంటి దగ్గరకు పంపుతారు. కింద పళ్లెంలో నీళ్లు. కాసేపటికి నీళ్లలో సన్నటి తెల్లటి తీగల్లాంటివి తేలతాయి. "చూడండి, ఎన్ని పురుగులో" అని చూపిస్తారు. చూసినవాళ్లు డబ్బులిచ్చి దండం పెట్టి వెళతారు.

ఆ తెల్లటివి పంటిలోంచి రాలేదు. గింజలోంచి వచ్చాయి. వాకుడు వంకాయ జాతి మొక్క. ఆ జాతి గింజల్లో మొలక కాబోయే పిండం తెల్లగా, చుట్ట చుట్టుకుని ఉంటుంది. వేడికి గింజ పగిలితే అది బయటికొస్తుంది, అచ్చం పురుగులా కనిపిస్తుంది. నోరే లేని చోట, ఖాళీ గది మధ్యలో అవే గింజలు కాల్చి చూడండి, నీళ్లలో "పురుగులు" తేలతాయి. పరీక్ష ఇంత సులువు. అయినా తరతరాలుగా ఊళ్లో ఎవరూ చేసి చూడలేదంటే కారణం తెలివి తక్కువై కాదు. అడగడమే తప్పని నేర్పారు.

యానానికి ఈ విషయంతో ఒక వింత సంబంధం ఉంది. ఫ్రెంచివాళ్లు ఇక్కడ అడుగుపెట్టింది 1723లో. ఆ కాలంలోనే పారిస్‌లో పియర్ ఫోషార్ అనే వైద్యుడు పళ్ల గురించి తనకు తెలిసినదంతా రాస్తున్నాడు. 1728లో అచ్చయిన ఆయన పుస్తకమే ఆధునిక దంతవైద్యానికి పునాది అంటారు. పుచ్చు పళ్లను సూక్ష్మదర్శినితో చూశాననీ, పురుగు జాడ దొరకలేదనీ ఆయన రాశాడు. తీపి పళ్లకు చేటని కూడా హెచ్చరించాడు. 1890 నాటికి విల్లబీ మిల్లర్ అసలు సంగతి తేల్చాడు: నోట్లోని సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని, పిండి పదార్థాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. 1954 దాకా, రెండు వందల ఏళ్లకు పైగా, మధ్యలో కొన్ని విరామాలతో ఇక్కడ ఫ్రెంచి జెండా ఎగిరింది. ఆ దేశపు మద్యం వచ్చింది, వీధులకు ఆ దేశపు పేర్లు వచ్చాయి. ఫోషార్ మాట మాత్రం గోదావరి ఒడ్డుకు చేరలేదు. చేరవేయాల్సిన అవసరం దొరలకు లేదు. తెలుసుకోవాలన్న ఆత్రం మన పెద్దలకు లేదు. జెండా మారి డెబ్బై ఏళ్లు దాటింది. ఇప్పుడు దొరల మీద నెట్టేందుకు కూడా వీల్లేదు.

మనకు చెప్పేవాళ్లు లేక కాదు. పక్కనే కాకినాడ పి.ఆర్. కాలేజీలో నాస్తికవాది గోరా వృక్షశాస్త్రం చెప్పారు. గింజను కోసి పిండాన్ని చూపించడం ఆ శాస్త్రంలో తొలి పాఠాల్లో ఒకటి. నాస్తికుడన్న కారణంతో 1933లో ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. గింజలో ఏముందో చెప్పగల మనిషిని పంపించేసి, గింజను పురుగని చూపేవాడికి వీధి వదిలేసిన సమాజం మనది.

ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసరడం మీద నాకే తగువూ లేదు. పిల్లలకు సరదా, ఎవరికీ హాని లేదు. హాని ఉన్నది పన్ను వచ్చీ రాకముందే బిడ్డ మీద తీర్పు చెప్పే నమ్మకంతో. కింది పళ్లు ముందు వస్తే సరి. పైపళ్లు ముందు వస్తే మేనమామకు గండం. పన్నుతో పుడితే ఇంటికే అరిష్టం. పేగు మెడలో వేసుకుని పుట్టినా మేనమామకే ప్రమాదం, అందుకు నూనెలో బిడ్డ ముఖం చూసే తంతు. ఈ లోకంలో తెలుగు మేనమామల ప్రాణాలు పసిబిడ్డల చిగుళ్లకు వేలాడుతున్నాయని నమ్మే పెద్దమనుషులు ఇంకా ఉన్నారు. కింది ముందు పళ్లు ముందు రావడం సాధారణం. కొందరిలో వరస మారుతుంది, అంతే. వేలల్లో ఒక బిడ్డ పన్నుతోనే పుడుతుంది. అది వదులుగా ఉంటే గొంతులోకి జారకుండా డాక్టరు తీసేస్తాడు. గట్టిగా ఉంటే వదిలేస్తాడు. జాతకంతో పనేమిటి?

మా చెల్లెలికి పైపళ్లు ముందు వచ్చాయి. నాకప్పటికి ఊహ తెలుసు. బిడ్డ నవ్వితే రెండు తెల్లటి చుక్కలు కనిపించడం, అమ్మ ముఖం పాలిపోవడం, అమ్మమ్మ గబగబా వచ్చి బిడ్డ నోటికి చెంగు అడ్డం పెట్టడం నాకు గుర్తు. వచ్చినవాళ్లకు కనబడకుండా దాచారు. శాంతి చేయించారు. ఆ ఏడే మా మేనమామకు టైఫాయిడ్ వచ్చింది. ఆ రోజుల్లో మా పేటలో తాగే నీళ్లు ఎలాంటివో ఊరందరికీ తెలుసు. అదే వేసవిలో ఇంకా ఎందరికో టైఫాయిడ్ వచ్చింది. వాళ్ల మేనకోడళ్లెవరికీ పైపళ్లు ముందు రాలేదు. మామయ్య కోలుకున్నాడు, తర్వాత చాలాకాలం బతికాడు. అయినా ఆ మాట చెల్లెలిని వదల్లేదు. వ్యాపారంలో నష్టం వచ్చినా, సంబంధం తప్పిపోయినా "పుట్టడమే మామను మింగే పళ్లతో పుట్టింది" అన్నారు. పిల్లలు విననట్టే ఉండి అన్నీ వింటారు. అది పెద్దయ్యేకొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం అలవాటు చేసుకుంది. పన్ను నొప్పి వచ్చినా చెప్పేది కాదు. చెబితే మళ్లీ పళ్ల మాట వస్తుందని. పదేళ్లప్పుడు రాత్రి నిద్రలో మూలుగుతుంటే అమ్మ దీపం పెట్టి చూసింది. రెండు దవడపళ్లు వేళ్ల దాకా పుచ్చి ఉన్నాయి. అవి ఆరేళ్లప్పుడు వచ్చిన శాశ్వత దంతాలు. రెండూ పోయాయి.

ఆచారం ఎవరినీ చంపలేదు కదా అనేవాళ్లకు నేను చెల్లెలి పేరు చెబుతుంటాను. మామయ్యకు పట్టని గండం దానికి పట్టింది, దాని చేతిలో ఏ పాపమూ లేకుండా.

బిడ్డ ఒంటిని పెద్దల నమ్మకానికి బలివ్వడం ఇక్కడ కొత్త కాదు. యానానికి కల్యాణపురమని ఒక పేరుండేది. 1930లో శారదా చట్టం అమల్లోకి వచ్చి బాల్యవివాహాలు నేరమయ్యాక, బ్రిటిష్ పాలనలోని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు చేశారు. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు కాబట్టి. రాజమండ్రిలో వీరేశలింగం 1881లోనే వితంతు వివాహం చేయించి చూపిన ప్రాంతం ఇది. బాల్యవివాహాల వల్లే పసితనంలో వితంతువులు తయారవుతున్నారని ఆయన గొంతు చించుకున్నాక యాభై ఏళ్లకు కూడా జనం పదేళ్ల పిల్లల్ని పల్లకిలో కూర్చోబెట్టడానికి సరిహద్దు దాటారు. వాళ్లూ అదే అన్నారు: పెద్దలు చేశారు, మేం చేస్తున్నాం. బిడ్డ ఒళ్లు బిడ్డది అన్న ఆలోచన వాళ్లకు రాలేదు. ఇంటి పుణ్యానికి, ఇంటి పరువుకు, ఇంట్లోని మగవాళ్ల ఆయుష్షుకు బిడ్డ శరీరాన్ని తాకట్టు పెట్టడమే ఈ ఆచారాలన్నిటిలో ఉన్న సరుకు. పెళ్లి విషయంలో ఆ తాకట్టును చట్టం కొంత విడిపించింది. నోటి విషయంలో ఏ చట్టమూ ఇంట్లోకి రాలేదు.

పళ్లు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలేనన్న నమ్మకం ఇంకా ప్రమాదకరమైనది. ఆ ఈడులో బిడ్డ పాకుతూ దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటుంది, క్రిములు లోపలికి పోతాయి, విరేచనాలవుతాయి. పన్ను వస్తే చిగురు దురద పెడుతుంది, చొంగ కారుతుంది, కాస్త చిరాకు పడుతుంది. గట్టి జ్వరం, నీళ్ల విరేచనాలు పన్ను పని కాదు. "పళ్లొస్తున్నాయిలే" అని ఓఆర్‌ఎస్ పట్టకుండా రెండు రోజులు చూస్తే, ఎండిపోయిన బిడ్డను ఆసుపత్రికి మోసుకెళ్లాల్సి వస్తుంది.

పైపన్ను పీకిస్తే చూపు పోతుందన్నది పెద్దవాళ్లను కూడా ఆపేస్తున్న భయం. కంటికి చూపునిచ్చే నాడి వేరు, పంటి నొప్పిని మెదడుకు చెప్పే నాడి వేరు. మొదటిది రెండో కపాల నాడి, రెండోది ఐదోది. పన్ను తీస్తే చూపు నాడికి ఏమీ కాదు. పుచ్చిన పైపన్నును తీయించకుండా ఉంచితే మాత్రం చీము ముఖంలోకి పాకి కంటి గుంట దాకా పోయే ప్రమాదం ఉంది. అంటే కంటిని కాపాడటానికని చేస్తున్న పనే కంటికి ముప్పు తెస్తోంది. నేను చూసిన పాప బుగ్గ వాపు కంటి రెప్ప దగ్గరే ఆగి ఉంది.

ఈ దురలవాట్ల ముఠాలో ఇంకొకటి ఉంది. దీనికి దేవుడితో సంబంధం లేదు, హేతువాదుల ఇళ్లలో కూడా ఉంది. "అన్నం తినకపోతే డాక్టరు చేత సూది వేయిస్తా." "అల్లరి చేస్తే పళ్లు పీకించేస్తా." బూచాడి ఉద్యోగం డాక్టరుకిచ్చాం. తర్వాత ఒకరోజు ఆ బూచాడి ముందే కూర్చోబెట్టి నోరు తెరవమంటాం. తెరవకపోతే మొండిది అంటాం. బయల్దేరేటప్పుడు ఐస్‌క్రీమ్ కొనిపెడతానని అబద్ధం చెప్పి తీసుకెళతాం. ఆ తర్వాత మన మాట ఎందుకు నమ్మాలి ఆ బిడ్డ?

చేయాల్సింది పెద్ద కష్టం కాదు. మొదటి పన్ను కనిపించాక ఆరు నెలల్లో, లేదా మొదటి పుట్టినరోజు లోపల ఒకసారి చూపించమని పిల్లల దంతవైద్యులు చెబుతారు. ఆ ఈడు బిడ్డను పెద్ద కుర్చీలో ఒంటరిగా కూర్చోబెట్టరు. తల్లీ డాక్టరూ మోకాళ్లు తగిలేట్టు ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల్లి ఒళ్లో ఉండి, తల మాత్రం డాక్టరు ఒడిలోకి వాలుతుంది. తల్లి ముఖం కనబడుతూనే ఉంటుంది. చిన్న అద్దంతో చూడటం, రెండు నిమిషాల పని. మూడు నాలుగేళ్ల పిల్లలకైతే ముందు చెబుతారు, తర్వాత ఆ పనిముట్టు చూపిస్తారు, వేలి గోరు మీద పెట్టి తిప్పుతారు, ఆపైనే నోట్లో పెడతారు. ఈ పద్ధతి 1959 నుంచి పుస్తకాల్లో ఉంది. ఇంట్లో మనం చేయాల్సింది అంతకన్నా తక్కువ. చెంచాతో బిడ్డ పళ్లు లెక్కపెట్టే ఆట ఆడండి. బిడ్డ చేత మీ పళ్లు లెక్కపెట్టించండి. నిద్ర తీరిన ఉదయం పూట తీసుకెళ్లండి. "నొప్పి ఉండదు, సూది ఉండదు" అని కూడా అనకండి, ఆ మాటలతోనే నొప్పీ సూదీ బుర్రలోకి వస్తాయి. "పళ్లు చూస్తారు, లెక్కపెడతారు, నేను పక్కనే ఉంటాను" అంటే చాలు. అంతా నిజం కాబట్టి రేపు మాట తప్పాల్సిన పని ఉండదు.

రాత్రి పంచదార పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం మానండి. నిద్రలో లాలాజలం తగ్గి, ఆ తీపి తెల్లార్లూ పై ముందు పళ్లను తింటుంది. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా పెద్దవాళ్లే తోమాలి. లవంగ నూనె నొప్పిని కాసేపు ఆపుతుంది, డాక్టర్లూ దాన్ని వాడతారు. రంధ్రాన్ని అది పూడ్చలేదు. పుచ్చు మొదట్లోనే కనిపెడితే, డ్రిల్లింగ్ లేకుండా ఒక మందు చుక్క పూసి ఆపే పద్ధతి కూడా ఇప్పుడుంది. పంటికి నల్ల మచ్చ మిగులుతుంది, నొప్పి మిగలదు.

దూరమనే సాకు మనకు లేదు. చిన్న ఊరు మనది. కాకినాడ గంట ప్రయాణం. ఎదుర్లంక వంతెన దాటితే కోనసీమ, అమలాపురంలో దంతవైద్య కళాశాల ఉంది, రాజమహేంద్రవరంలోనూ ఉన్నాయి. కళాశాలల్లో ఖర్చు తక్కువ. రిజిస్టరు కానివాళ్లు పళ్ల వైద్యం చేయకూడదని 1948 నాటి చట్టమే చెప్పింది. శాస్త్రీయ దృష్టిని పెంచుకోవడం పౌరుల విధి అని 1976లో రాజ్యాంగంలోనే చేర్చారు. పంచాంగం చూడగలిగిన ఇల్లు డాక్టరు దగ్గరకు వెళ్లే తేదీ కోసం క్యాలెండరు చూడలేదా?

"మీ హేతువాదం మీకు, మా నమ్మకం మాకు" అని ఈ వ్యాసం చదివి కొందరు అంటారు. నమ్మకం మీదైతే మీ పంటి మీద చూపించుకోండి. మీ పెదవి కాల్చుకోండి. నాలుగేళ్ల పిల్ల నోరు మీ నమ్మకానికి ప్రయోగశాల కాదు. ఆ పిల్ల దేన్నీ నమ్మలేదు. నొప్పి అని మాత్రం చెప్పింది, మొదటి రోజే చెప్పింది.

అంగన్‌వాడీ కార్యకర్తలకు, బడి పంతుళ్లకు, దరియాలతిప్ప నుంచి కనకాలపేట దాకా ప్రతి పేటలోని చదువుకున్న ఆడపిల్లలకు నా మనవి ఒక్కటే. వాకుడు గింజలు తెచ్చి, పదిమంది ముందు, ఎవరి నోటి దగ్గరా కాకుండా కాల్చి చూపించండి. నీళ్లలో తేలినవాటిని అమ్మమ్మలకే చూపించి, ఇవి ఎవరి పంటిలోంచి వచ్చాయో చెప్పమనండి. ఆ వారమే మీ ఇంట్లో ఏడాది నిండబోతున్న బిడ్డను, ఏ నొప్పీ లేని రోజు చూసి, దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.